డబ్బింగ్ థియేటర్‌లో పదకొండు రోజులు

నా మొదటి తెలుగు సినిమాకి నేనే డబ్బింగ్ చెప్పుకున్నాను. పదకొండు రోజులు పట్టింది. మాటలకి ఎనిమిది రోజులు, మాటలు లేని చోట్లకి మూడు రోజులు. అసలు కథ ఆ మూడు రోజులదే. కానీ దానికి ముందు మిగతాది కొంత చెప్పక తప్పదు.

మాది తెనాలి. 2005లో నాన్న ఉద్యోగం న్యూజెర్సీకి మారేటప్పటికి నాకు ఐదేళ్ళు. పెరిగింది ఎడిసన్‌లో. అక్కడ ఓక్ ట్రీ రోడ్డు మీద నడుస్తుంటే ఇది అమెరికానా అని అనుమానం వస్తుంది. చీరల కొట్టు పక్కన నగల కొట్టు, దాని పక్కన దోసెల హోటలు. ఇంట్లో తెలుగు, వారాంతంలో మనబడి, పండక్కి బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడి. కాబట్టి నాకు తెలుగు బాగానే వచ్చని నా నమ్మకం. హైదరాబాద్ వచ్చాక తెలిసింది, నాకు వచ్చింది మా అమ్మ తెలుగని. అదీ ఆవిడ విమానం ఎక్కిన రోజున ఎక్కడ ఆగిందో అక్కడే ఆగిపోయిన తెలుగు. నేను "సద్దు చెయ్యకండి" అంటే అసిస్టెంట్ డైరెక్టర్లు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వేవాళ్ళు. "మేడమ్, మా నానమ్మ గుర్తొచ్చింది" అన్నాడు ఒకబ్బాయి.

కాలేజీలో ఉండగా మెట్రోపార్క్‌లో రైలెక్కి మన్‌హాటన్ వెళ్ళి ఆడిషన్లు ఇచ్చేదాన్ని. నాకొచ్చే పాత్రలు మూడే: డాక్టరు, కంప్యూటర్ల అమ్మాయి, ఇంట్లోవాళ్ళు పెళ్ళి కుదిర్చిన అమ్మాయి. చదవడం అయ్యాక ఎప్పుడూ ఒకటే ప్రశ్న, "కొంచెం ఇండియన్ యాసలో చెప్పగలవా?" అని. ఏ యాస? మా అమ్మదా, మా నాన్నదా, కింది అంతస్తులో ఉండే గుజరాతీ ఆంటీదా? వాళ్ళకి కావలసింది ఈ మూడూ కాదు, "సింప్సన్స్" కార్టూన్‌లో అపు అనే ఇండియన్ కొట్టువాడి యాస. మన తెలుగువాళ్ళబ్బాయి, కమెడియన్ హరి కొండబోలు 2017లో ఆ యాస మీద ఏకంగా డాక్యుమెంటరీ తీశాడు. అది చూశాక "రాదండీ" అనడం నేర్చుకున్నాను. పాత్రలు రావడం కూడా తగ్గింది, అది వేరే సంగతి.

2022లో హైదరాబాద్ వచ్చి మణికొండలో పిన్ని వాళ్ళింట్లో దిగాను. ఆరు నెలలు ఫిల్మ్‌నగర్ చుట్టూ తిరిగాక ఒక చిన్న సినిమాలో అవకాశం దొరికింది. పోచంపల్లి దగ్గర పల్లెలో నేతపని చేసే ఇంటి పిల్ల పాత్ర. డైరెక్టర్ గారు పెట్టిన షరతు ఒకటే, గొంతు నాదే ఉండాలి.

ఆ షరతు ఎంత బరువైనదో అప్పుడు నాకు తెలీదు. తెలుగు సినిమాలో హీరోయిన్ మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది కావడం మామూలే. సమంతకి 2010లో మొదటి సినిమా నుంచి ఏళ్ళ తరబడి చిన్మయి గొంతే. సెట్లో భాష రాని అమ్మాయికి కెమెరా పక్క నిలబడి అసిస్టెంట్ డైరెక్టర్ ప్రామ్టింగ్ ఇస్తాడు, ఆ అమ్మాయి పెదవులు కదుపుతుంది, మిగతాది డబ్బింగ్ ఆర్టిస్టు చూసుకుంటుంది. నంది అవార్డుల్లో డబ్బింగ్ ఆర్టిస్టులకని విడిగా అవార్డే ఉండేది. ఇంకో పక్క తమిళనాడు అమ్మాయి సాయిపల్లవి 2017లో "ఫిదా"కి తన గొంతుతోనే బాన్సువాడ యాస చెప్పి అందరినీ ఒప్పించింది. మా నిర్మాత నన్ను చూసినప్పుడల్లా ఆ సంగతే ఎత్తేవారు. ప్రోత్సాహమో హెచ్చరికో అర్థమయ్యేది కాదు.

లుక్ టెస్ట్ రోజు ఒక గొడవ జరిగింది. మేకప్ అయ్యాక అద్దంలో చూసుకుంటే నా మొహం ఒక రంగు, మెడ ఒక రంగు. నా రంగు కంటే రెండు మెట్లు పైన వేశారు. అడిగితే, "లైటింగ్‌కి అలాగే ఉండాలమ్మా" అన్నారు. నాకు పదమూడేళ్ళప్పుడు, 2013లో, నీనా దావులూరి మిస్ అమెరికా అయింది. టీవీ ముందు అమ్మ కళ్ళు తుడుచుకుంది, "బెజవాడ వాళ్ళమ్మాయే" అంటూ. ఆ అమ్మాయి పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలో అనుకోండి, అమ్మకి అవన్నీ లెక్కలేదు. మర్నాటికల్లా ఇంటర్నెట్‌లో ఒకటే తిట్లు, అరబ్బు అని, టెర్రరిస్టు అని. ఇండియాలో ఇంకో చర్చ, ఈ రంగుతో మన దగ్గర గెలిచేదా అని. అక్కడ అమెరికన్ కాదన్నారు, ఇక్కడ తెల్లగా లేదన్నారు. అద్దం ముందు అదంతా గుర్తొచ్చి, మెడకి కూడా అదే వేయమని అడగాలో, మొహం కడిగేసుకోవాలో తెలియక కూర్చుండిపోయాను. చివరికి కెమెరామన్ కాపాడారు. "ఎండలో మగ్గం దగ్గర కూర్చునే పిల్లకి ఇంత తెలుపు ఎక్కడిది, తీసేయండి" అన్నారు. నా ఆత్మగౌరవం కోసం కాదు, ఆయన ఫ్రేమ్ కోసం. అయినా సరే, దణ్ణం పెట్టాను.

షూటింగ్‌కి ముందు పది రోజులు పోచంపల్లిలో ఉన్నాను. మొదటి రోజు వేసుకెళ్ళింది న్యూజెర్సీలో మాల్‌లో కొన్న టాప్. దాని మీద అంచులు చెదిరిన వజ్రాల డిజైను, లేబుల్ మీద "ఇకత్" అని ఉంటుంది. పోచంపల్లి వెళ్తున్నాను కదా, నప్పుతుందని నా తెలివి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ దగ్గరికి పిలిచి, నా టాప్ అంచు పట్టుకుని లోపలి వైపు తిప్పి చూసింది. లోపల రంగు వెలవెలబోతూ ఉంది.

"ఇది అచ్చు గుద్దిన బట్ట బిడ్డా. చిటికీ గాదు. చిటికీ అయితే ఇటు దిప్పినా అటు దిప్పినా ఒక్క తీరుగనే ఉంటది" అంది.

అప్పుడు తెలిసింది, అమెరికాలో ఫ్యాషన్ పత్రికల నిండా చూసిన ఆ "ఇకత్"కి మన మగ్గాల దగ్గర చిటికీ అనే పేరు ఉందని. నేసిన తర్వాత రంగు వేయరు. ముందే నూలుకి కొలత ప్రకారం రబ్బరు ముక్కలతో ముడులేసి, రంగులో ముంచి, ముడులు విప్పి, ఆ తర్వాత నేస్తారు. రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి బట్టకి రెండు వైపులా ఉంటుంది. ఆ టాప్ మళ్ళీ వేసుకోలేదు. పారేయనూ లేదు, ఇప్పుడది గది తుడిచే గుడ్డ.

సినిమాలో నా పాత్ర ఆసు పోస్తుంది. ముడులేసే ముందు నూలుని చెక్క మీద అర్ధచంద్రాకారంలో కొట్టిన మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతారు, అది ఆసు. ఒక్క చీరకి చెయ్యి తొమ్మిది వేలసార్లు తిరగాలని చెబుతారు. చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం కనిపెట్టి దానికి అమ్మ పేరు, లక్ష్మి అని, పెట్టుకున్నారు. 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. మా కథ యంత్రం రాకముందుది కాబట్టి నాకు ఆ సుఖం లేదు. రోజుకి రెండు గంటలు పోస్తేనే కుడి భుజం పైకి లేచేది కాదు. ఈ భుజం సంగతి మళ్ళీ వస్తుంది.

కాస్ట్యూమ్స్ వాళ్ళ పనితనం గురించి ఒక్క మాట. కొత్త నూలు చీరలు తెచ్చి, టీ డికాక్షన్‌లో ముంచి, ఎండేసి, మోకాళ్ళ దగ్గరా కొంగు దగ్గరా రాయితో రుద్ది, పదేళ్ళ పాతవి చేశారు. చీర పాతబడింది కానీ లోపలున్న మనిషి కొత్తదే కదా. రెండో రోజే హెయిర్ డ్రెస్సర్ అక్క అంది, "ఏందమ్మా, కుచ్చిళ్ళు తన్నుకుంటూ నడుస్తున్నవు, రైలందుకోవాలా?" అని. నిజమే, అది న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో నేర్చుకున్న నడక. అంగలు తగ్గించడానికి ఆ అక్క నా చీలమండల మధ్య ఒక నాడా కట్టి గదిలో నడిపించింది. నాలుగో రోజుకి నాడా అక్కర్లేకపోయింది.

షూటింగ్ గురించి పెద్దగా చెప్పను. ముప్పై ఎనిమిది రోజులు, ఎండ, దుమ్ము. చివరి రోజు గుమ్మడికాయ కొట్టారు, నేను ఏడ్చాను, అంతే.

డబ్బింగ్ థియేటర్ అంటే నేను పెద్ద హాలు ఊహించుకున్నాను. చిన్న చీకటి గది. ఎదురుగా తెర, మధ్యలో మైకు, పేపర్లు పెట్టుకునే స్టాండు, అద్దం వెనక సౌండ్ ఇంజనీరు. సీన్‌ని ముక్కలు ముక్కలుగా వేస్తారు. షూటింగ్‌లో రికార్డయిన పైలట్ ట్రాక్ హెడ్‌ఫోన్లో వినిపిస్తుంది. ఒకటి రెండుసార్లు చూసి, రిహార్సల్ చేసి, టేక్. మొదటి రోజు అసలు నోరు తెరవకముందే కట్ చెప్పారు. "మేడమ్, మీ జాకెట్ మాట్లాడుతోంది" అన్నాడు ఇంజనీరు. ఏసీ చలికి వేసుకున్న నైలాన్ జాకెట్ చెయ్యి కదిపితే గరగరమంటోంది. జాకెట్ తీశాను, గాజులు తీశాను, మధ్యాహ్నం పన్నెండున్నరకి నా కడుపు కూడా మాట్లాడింది. అందుకని లంచ్ బ్రేక్ పావుగంట ముందుకి జరిగింది.

డబ్బింగ్ ఇంచార్జిని అందరూ మాస్టారు అంటారు. డెబ్బై దాటిన మనిషి, మద్రాసు రోజుల నుంచి ఇదే పని. ఆయన నా మొదటి డైలాగ్ విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అమ్మా, చివరి అచ్చు మింగేస్తున్నావు. తెలుగు అజంత భాష. ప్రతి మాటకీ చివర్లో నోరు తెరిచే ఉండాలి" అన్నారు.

డైలాగ్ ఇది: "పోయొస్తనే అవ్వా." పట్నం బస్సెక్కే ముందు తల్లితో చెప్పే మాట. నేను మామూలుగా చెబితే ఇంగ్లీషు అలవాటు కొద్దీ చివరి అచ్చులు ఆవిరైపోయి "పోయొస్తన్ అవ్" లాగా వినిపిస్తోంది. జాగ్రత్తపడి చెబితే మా అమ్మ గొంతు వచ్చేస్తోంది, "పోయొస్తానే" అని దీర్ఘం తీస్తూ. మాస్టారు తల పట్టుకున్నారు. "ఆ 'స్త' పొట్టిది తల్లీ. అమెరికాలో అక్కడ ఏమీ ఉండదు, తెనాల్లో గజం పొడుగుంటది, మనకి ఒక్క మాత్ర కావాలి." ఆ ఒక్క మాత్ర కోసం నలభై ఒక్క టేకులు. బల్ల మీద వేలితో తాళం వేస్తూ చెప్పించారు, సంగీతం క్లాసులో లాగా.

ఇంకో తంటా పెదవులతో. ప, బ, మ అనాలంటే పెదవులు కలవాల్సిందే, తెర మీద పెదవులు కలిసిన చోట ఆ అక్షరాల్లో ఏదో ఒకటి ఉండి తీరాలి. ఒక షాట్‌లో స్క్రిప్టులో "బువ్వ తిన్నవా" అని ఉంటే నేను సెట్లో "అన్నం తిన్నవా" అనేశాను. "బువ్వ"కి పెదవులు మొదట్లో కలుస్తాయి, "అన్నం"కి చివర్లో. ఎంత సర్దినా కుదరలేదు. క్లోజప్‌లో అన్నమే ఉంచి, నా వీపు కనిపించే తర్వాతి షాట్‌లో బువ్వ పెట్టారు. సినిమాలో ఆ పిల్ల తమ్ముణ్ణి ఒకే మాట రెండుసార్లు అడగడానికి కారణం ప్రేమ కాదు, నేను.

నా ర కూడా పనికిరాలేదు. నాలుక వెనక్కి మడిచి అంటున్నానని మాస్టారు రెండు రోజులు సతాయించారు. మూడో రోజు రాత్రి పిన్ని వాళ్ళ వంటింట్లో అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూ ఇంగ్లీషులో "వాటర్" అన్నాను, అమెరికన్లు అనేట్టు, మధ్యలో ట లేకుండా, దాదాపు "వారర్" అని. అని ఆగిపోయాను. ఆ మధ్యలో ఉన్నదే కదా తెలుగు ర! నాలుక కొస పైకి ఒక్కసారి తగిలి దిగుతుంది. "బటర్", "బెటర్", "సిటీ" — ఇరవై ఏళ్ళుగా రోజూ అంటున్నాను, కాకపోతే దాన్ని ట అనుకుంటున్నాను. మర్నాడు "వాటర్" అని మనసులో అనుకుని "ఊరు" అన్నాను. మాస్టారు అద్దం అవతల నుంచి బొటనవేలు ఎత్తారు. ఎలా వచ్చిందో ఆయనకి చెప్పలేదు. తెలుగు ర అమెరికా నుంచి తెచ్చుకున్నానంటే ఆయన ఊరుకోరు.

అలా ఎనిమిది రోజుల్లో మాటలన్నీ అయ్యాయి. రియాక్షన్లు మిగిలాయి. అంటే పరుగెత్తే ఆయాసం, బిందె ఎత్తే ఊపిరి, చెయ్యి కాలితే వచ్చే శబ్దం, నిట్టూర్పు, ఏడుపు. ఇవి ఒక్క పూటలో అయిపోతాయి అనుకున్నాను. మాటలే వచ్చాక మూలుగెంత?

పొయ్యి దగ్గర వేళ్ళు చురుక్కుమనే షాట్ వేశారు. చేశాను. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మళ్ళీ చేశాను. మాస్టారు నెమ్మదిగా, "నొప్పి ఇంగ్లీషులో ఉందమ్మా" అన్నారు.

ఏం చేసినా "ఆవ్" అనే వస్తోంది. తెలుగు మనిషి ముందు పళ్ళ మధ్య నుంచి "స్స్" అని గాలి లోపలికి పీలుస్తుంది, ఆ తర్వాతే "అబ్బా". నాది బయటికి పోతోంది, వాళ్ళది లోపలికి వస్తుంది. ఏడుపు ఇంకా అన్యాయం. న్యూయార్క్‌లో నటన నేర్పేటప్పుడు ఏడుపు ఆపుకోవడమే ఏడుపు అన్నారు, గొంతులో నొక్కిపట్టమన్నారు. ఇక్కడ తండ్రి చనిపోయిన సీన్‌లో ఊళ్ళోవాళ్ళు శోకాలు పెడుతుంటే, నా ఏడుపు పక్కింట్లో ఎవరికో జలుబు చేసినట్టుంది. ఆసు పోసి పోసి, మోకాలి మీద చెయ్యేసి లేచే షాట్ ఒకటుంది. లేస్తూ "అమ్మా" అనాలి. ఆ మాటొక్కటే నాకు పుట్టుకతో వచ్చిన తెలుగు అనుకుంటా, అది కూడా రాలేదు. నేను అమ్మని పిలుస్తున్నాను. లేచేటప్పుడు అనే "అమ్మా" పిలుపు కాదు కదా.

తొమ్మిదో రోజు సాయంత్రం మంచినీళ్ళకి బయటికొస్తే కారిడార్‌లో ఒకావిడ కూర్చుని ఉంది. ఇంజనీరు ఆవిడతో, "అక్కా, మీ ట్రాక్‌లో ఒక చోట క్లిక్ వచ్చింది, మళ్ళీ చెప్పాలి" అంటున్నాడు. ఏ సినిమా అని అడిగాను, ఊరికే. ఇద్దరూ నీళ్ళు నమిలారు. మా సినిమానే. నాకు చెప్పకుండా, నాతో కుదరకపోతే పనికొస్తుందని, ఆవిడతో సినిమా మొత్తం చెప్పించి పెట్టుకున్నారు. రెండు రోజుల్లో అయిపోయిందట.

మొహం మీద కొట్టినట్టయింది. ఆ రాత్రి నిద్రపోలేదు. నిర్మాతకి ఫోన్ చేసి అడగాలనుకున్నవన్నీ ఇంగ్లీషులో తయారుచేసుకున్నాను (కోపం కూడా ఇంగ్లీషులోనే వస్తుందని అప్పుడే గమనించాను). పొద్దున్నే వెళ్ళి ఫోన్ చేయకుండా, ఆ ట్రాక్ వినిపించమని అడిగాను.

మాటలు నావే బాగున్నాయి. గొప్పకి చెప్పట్లేదు, మాస్టారూ అదే అన్నారు. ఆవిడ మాటల్లో సీరియల్ తీరు కొంచెం వినిపిస్తుంది, ప్రతి వాక్యమూ నున్నగా ముగుస్తుంది. కానీ లేచేటప్పటి "అమ్మా" విన్నాను. అందులో భుజం ఉంది, మోకాలు ఉంది, పొద్దుటి నుంచి కూర్చున్న నడుము ఉంది. పది రోజులు ఆసు పోసింది నేను. భుజం పట్టేసింది నాది. ఆ శబ్దం మాత్రం ఆవిడ దగ్గరుంది.

ఆవిణ్ణి లోపలికి రమ్మని అడిగాను. మొహమాటపడుతూనే వచ్చి, నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. "ఎలా చెప్పారక్కా అది?" అంటే నవ్వింది. "చెప్పేదేముంది? మా అత్తగారు రోజుకి ఇరవై సార్లంటుంది. మీరెవరి దగ్గర విన్నారు?" నేను ఆలోచించాను. మా అమ్మ లేచేటప్పుడు ఏమంటుంది? అపార్ట్‌మెంట్ గోడలు పల్చనని మా ఇంట్లో అందరం చప్పుడు చేయకుండా లేచేవాళ్ళం, చప్పుడు చేయకుండా ఏడ్చేవాళ్ళం. ఇంట్లో మాటలు మాత్రమే తెలుగు. అమ్మమ్మ ఏమనేదో గుర్తు లేదు, నాకు ఐదేళ్ళే అప్పుడు.

రెండు రోజులు అక్క నాతోనే కూర్చుంది. ఆవిడ డబ్బులు ఆవిడకి అప్పటికే ముట్టాయి, ఈ రెండు రోజులకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. నేనిస్తానంటే కోప్పడి టిఫిన్ మాత్రం తిన్నది. "స్స్" నేర్పింది. ఆయాసం నేర్పింది, మైకు మీద కాకుండా మైకు పక్కకి వదలాలని. ఏడుపు సగం నేర్పింది. "అమ్మా" నేర్పలేకపోయింది, నేను నేర్చుకోలేకపోయాను. డైరెక్టర్ గారు నా దాంతోనే సరిపెడదాం అన్నారు, ఎవరూ పట్టించుకోరని. వద్దన్నాను. ఆ ఒక్కటీ, తండ్రి శవం దగ్గర రెండు చోట్లా అక్క గొంతే ఉంచమన్నాను. మొత్తం కలిపితే పది సెకన్లు ఉండదు. టైటిల్స్‌లో ఆవిడ పేరు వేయమని కూడా అడిగాను, వేశారు, చాలా వేగంగా పోతుంది.

సినిమా విడుదల రోజు ఉదయం షోకి ప్రసాద్స్‌కి బయల్దేరుతుంటే అమ్మ ఫోన్. అమెరికాలో ముందు రోజు రాత్రే ప్రీమియర్లు వేస్తారు కదా, అప్పుడే హాల్లోంచి బయటికొచ్చారు. వెనక నాన్న కారు తాళాలు వెతుక్కుంటున్న చప్పుడు. అమ్మ గొంతు బొంగురుపోయింది.

"భాష అక్కడక్కడా ఏదోలా ఉందే, మనం అలా అనం" అంది ముందు. అది తెలంగాణ అమ్మా, అన్నాను. "అదే, అదే. కానీ ఒక చోట, ఆ మేకుల దగ్గర్నుంచి లేస్తూ 'అమ్మా' అంటావు చూడు. అచ్చం మీ అమ్మమ్మేనే. ఎప్పుడు విన్నావే నువ్వు?"

నేను జవాబు చెప్పలేదు. భోంచేశారా అని అడిగాను. లేదు, ఇంటికెళ్ళి పెరుగన్నం తింటాం అంది. క్యాబ్ వచ్చింది, పెట్టేస్తున్నా అన్నాను.

"పెట్టేస్తున్నా ఏంటే, వెళ్ళొస్తానను" అంది.